నిలకడ లేని వార్త

నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. ఆ చిన్న సామెతలో ఒక పెద్ద షరతు ఇమిడి ఉన్నది. నిజం తెలియకపోదు, కాని దానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరకని చోట నిజానికి నోరు లేదు. నేటి అంతర్జాల యుగంలో వార్తకు లోపించినది ఆ నిలకడయే అని మా అభిప్రాయం. పత్రికారంగంలో అడుగుపెట్టి ఎన్నో ఏండ్లు గడవని మా వంటివారికి ఈ లోపం ప్రతిదినం కంటికి కనబడుతున్నది. ఆ పరిశీలనలను విద్యార్థి మిత్రుల ఎదుట ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వం వార్తకు నిలకడను యంత్రమే ప్రసాదించేది. తెలుగు పత్రికలో కంపోజిటరు సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవాడు. గ్యాలీ ప్రూఫు తీసి దిద్దేవారు. ఉర్దూ పత్రికలో కాతిబు నస్తాలీఖు లిపిలో పంక్తి వెంట పంక్తి కలంతో వ్రాసేవాడు. ఆ వ్రాత రాతి అచ్చుకు ఎక్కేది. 1981లో నూరీ నస్తాలీఖు వచ్చి కాతిబు చేతి పనిని కంప్యూటరుకు అప్పగించే వరకు ఉర్దూ దినపత్రికలోని ప్రతి అక్షరం మానవ హస్తం గుండా నడిచి వచ్చినదే. ఈ ఆలస్యం ఆనాటి పాత్రికేయులకు విసుగు పుట్టించి ఉండవచ్చు. కాని విలేఖరి పంపిన వాక్యాన్ని ఉపసంపాదకుడు, కాతిబు, ప్రూఫురీడరు వరుసగా చదివేవారు. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు, “ఈ మాట ఎవరు చెప్పారు?” అని అడిగే అవకాశం ఉండేది. నేడు విలేఖరి వ్రేలికి, పాఠకుని కంటికి మధ్య ఎవరూ లేరు. యంత్రం ఇచ్చిన ఆలస్యం పోయినది. దాని స్థానంలో మనస్సు ఇవ్వవలసిన ఆలస్యం ఇంకా రాలేదు. మన కష్టమంతా ఇక్కడనే ఉన్నది.

మేము అంతర్జాలానికి శత్రువులము కాము. ఈ మాట మొదటనే స్పష్టం చేయడం అవసరం. 1989లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బర్నర్స్ లీ ప్రతిపాదించిన ప్రపంచవ్యాప్త వలయం మానవజాతికి దక్కిన గొప్ప వరాలలో ఒకటి. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యం కల్పించినది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన పిదప డేటా ధరలు పడిపోయి, ఒకనాడు సంపన్నుల గదులకే పరిమితమైన సౌకర్యం ఆటో డ్రైవరు చేతికి, బీడీలు చుట్టే ఇల్లాలి చేతికి అందినది. 2013లో స్థాపితమైన రేఖ్తా సంస్థ పుణ్యమా అని, ఒకప్పుడు పాత గ్రంథాలయాలలో దుమ్ము పట్టిన ఉర్దూ గ్రంథాలు నేడు ఏ పల్లెలోనైనా చదువుకోవచ్చును. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను ఏ ప్రతిఫలమూ ఆశించని సామాన్యులు వ్రాస్తున్నారు, దిద్దుతున్నారు.

పత్రికా వృత్తికి కూడా అంతర్జాలం చేసిన మేలు తక్కువ కాదు. 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూటంలో గ్రామీణ స్త్రీలు ‘ఖబర్ లహరియా’ అనే పత్రికను స్థానిక బుందేలీ భాషలో ఆరంభించారు. తరువాత ఆ పత్రిక అచ్చును విడిచి అంతర్జాలానికి మారినది. పెద్ద పత్రికల కంటికి ఆనని బావులు, రోడ్లు, అత్యాచారాలు, గనుల అక్రమాలు ఆ స్త్రీల సెల్‌ఫోను కెమెరాల ద్వారా వెలుగు చూచినవి. వారిపై తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ అనే చిత్రం 2022లో ఆస్కారు పోటీ తుది జాబితా వరకు వెళ్ళినది. పెట్టుబడి లేనివారికి, పలుకుబడి లేనివారికి, ముఖ్యంగా అల్పసంఖ్యాక వర్గాలకు అంతర్జాలం ఇచ్చిన గొంతు సామాన్యమైనది కాదు. దానిని వదులుకొమ్మని ఎవరైనా చెప్పితే మేము అంగీకరింపము.

అయితే ఈ వరంతో పాటు వచ్చిన విపరీతాలను కూడా చూడవలసి ఉన్నది.

మొదటి విపరీతం వార్తాలయంలోనే పుట్టినది. మేము కొంతకాలం పనిచేసిన ఒక వార్తా వెబ్‌సైటు కార్యాలయంలో గోడకు ఒక పెద్ద తెర ఉండేది. ఏ వార్తను ఈ నిమిషంలో ఎందరు చదువుతున్నారో ఆ తెర మీద అంకెలు చూపేవి. కలెక్టరు కార్యాలయం ముందు ఆరు దినాలుగా ధర్నా చేస్తున్న పారిశుధ్య కార్మికుల వార్తకు పదుల సంఖ్యలో పాఠకులు ఉండేవారు. ఒక సినిమా నటి ధరించిన చీర వార్తకు వేల సంఖ్యలో ఉండేవారు. మధ్యాహ్నానికి కార్మికుల వార్త అడుగుకు జారిపోయేది. ఎవరూ దానిని తొలగించమని ఆజ్ఞాపించలేదు, అంకెయే తొలగించినది. సాయంత్రానికి మిగిలిన వార్తల శీర్షికలన్నీ ఒక్క అచ్చులో పోసినట్లు తయారయ్యేవి: ‘ఏం జరిగిందో తెలిస్తే షాక్’, ‘చివరికి ఏమైందంటే’. శీర్షిక ధర్మం విషయాన్ని చెప్పడం. ఇప్పుడు దాని ధర్మం విషయాన్ని దాచడం అయినది. చెప్పితే పాఠకుడు లోపలికి రాడు. రాకపోతే ప్రకటన కనబడదు. ప్రకటన కనబడకపోతే జీతాలు రావు. ఈ గొలుసులో ఏ ఒక్క మనిషినీ దుర్మార్గుడని వేలెత్తి చూపలేము. అందరూ తమ తమ పని చేస్తున్నవారే. ఐనను ఫలితం దుర్మార్గంగానే ఉన్నది.

రెండవ విపరీతం పాఠకుని చేతిలో ఉన్నది. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ బొత్తామును ప్రవేశపెట్టినది. ఆ సంవత్సరమే ట్విట్టరు ఇతరుల మాటను ఒక్క నొక్కుతో పదిమందికి పంపే సదుపాయం కల్పించినది. చదవడానికి పట్టే కాలం కంటె పంపడానికి పట్టే కాలం తక్కువైనది. 2018 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఒక అధ్యయనం ప్రకటించారు. 2006 నుండి 2017 వరకు ట్విట్టరులో ప్రచారమైన సుమారు 1,26,000 కథనాలను వారు పరిశీలించారు. అసత్య వార్తను ఇతరులకు పంపే అవకాశం సత్య వార్త కంటె 70 శాతం ఎక్కువ అని తేలినది. పదిహేను వందల మందికి చేరడానికి సత్యానికి పట్టిన కాలం, అసత్యానికి పట్టిన కాలానికి ఆరు రెట్లు. దీనికి కారణం ఏవో యంత్రాలు కావు, మనుష్యులేనని కూడా వారు నిర్ధారించారు. అసత్యంలో వింత ఉన్నది. వింత మనిషిని కదిలిస్తుంది. కదిలిన మనిషి వ్రేలు ఆగదు. గోరంతలు కొండంతలు చేయడం మానవ స్వభావంలో పూర్వం నుండి ఉన్నదే. కాని రచ్చబండ దగ్గర పుట్టిన పుకారు ఊరి పొలిమేర దాటడానికి వెనుక ఒక సంతకాలం పట్టేది. ఇప్పుడు ఒక సముద్రం దాటడానికి ఒక్క క్షణం చాలును.

ఇది వట్టి తాత్త్విక చర్చ కాదు. ప్రాణాలు పోయిన సంగతి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని దేశమంతట వాట్సాప్‌లో సందేశాలు వ్యాపించినవి. వాటితోపాటు తిరిగిన ఒక దృశ్యంలో మోటారు సైకిలు మీద వచ్చినవారు వీధిలో ఆడుకొనే బిడ్డను ఎత్తుకుపోతారు. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో చివర వారు బిడ్డను తిరిగి దింపి, జాగ్రత్త చెప్పే అట్టను చూపుతారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించారు. కొద్ది క్షణాల చిత్రం కత్తెరకు ఎగిరిపోయినది; దానికి మూల్యం మనుష్యుల తలలతో చెల్లించవలసి వచ్చినది. ఆ సంవత్సరం మే 26న హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదరు జిల్లా ముర్కి గ్రామం వద్ద హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయినది. అతడూ మిత్రులూ దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. వారి ఫోటోలు వాట్సాప్‌లో ముందు పరుగెత్తినవి. వారి కారు వెనుక వచ్చినది. కారు ఆ ఊరు చేరేసరికి రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉన్నది. పసిపిల్లలకు మిఠాయి ఇచ్చే వాడుక మన ఇళ్ళలో ఎవరికి లేదు? ఆ చావు మనలో ఎవరికైనా వచ్చి ఉండవచ్చును.

అదే సంవత్సరం, అదే వదంతి, తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు కూడా వచ్చినది. అక్కడి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి దానిని వేరే విధంగా ఎదుర్కొన్నారు. పోలీసులను గ్రామాలవారీగా నియమించి, ఊరి వాట్సాప్ గ్రూపులలో వారిని చేర్పించారు. డప్పు వాయించి, జానపదుల బాణీలలో పాటలు కట్టి, వచ్చిన ప్రతి సందేశాన్ని నమ్మవద్దని వందలాది గ్రామాలలో చెప్పించారు. ఆ వదంతుల మూలంగా ఆ రెండు జిల్లాలలో ఒక్క ప్రాణమూ పోలేదని ఆనాడు పత్రికలు వ్రాసినవి. ఇందులో మేము నేర్చుకొన్న పాఠం ఏమనగా, అంతర్జాలపు వదంతికి విరుగుడు అంతర్జాలంలోనే వెదకనక్కరలేదు. అది ఊరి భాషలో, ఊరికి తెలిసిన ముఖంతో, ఊరు వినే బాణీలో ఉండవచ్చును. డప్పు పాతదే, కాని అది సెల్‌ఫోను కంటె ఎక్కువ మన్ననను పొందినది. ఎందుకనగా డప్పు కొట్టేవాడు ఎదుట నిలబడి ఉంటాడు. అతనిని ప్రశ్నించవచ్చును.

అల్పసంఖ్యాక వర్గాలకు చెందిన మనకు ఈ విషయంలో మరొక బాధ కలదు. మనము తరచుగా వార్తకు పాఠకులము మాత్రమే కాము, వార్తకు గురి కూడా అవుతాము. 2020 మార్చి, ఏప్రిల్ మాసాలలో కరోనా వ్యాధి ప్రబలిన సమయంలో ఢిల్లీ నిజాముద్దీనులో జరిగిన తబ్లీగీ జమాత్ సమావేశం సాకుగా ఒక మతస్థులందరిని రోగ వాహకులుగా చిత్రించే ప్రచారం సాగినది. మధ్యప్రదేశ్‌లోని రాయసేనులో ఒక వృద్ధుడైన పండ్ల వర్తకుని పాత దృశ్యాన్ని ఫిబ్రవరి నుండి ఏప్రిలుకు మోసుకొని వచ్చి, వ్యాధిని కావాలని అంటిస్తున్నాడని చూపించారు. పలుచోట్ల కూరగాయల బండ్లవారిని పేరు అడిగి వెళ్ళగొట్టారు. బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం 2020 ఆగస్టు 21న విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, అచ్చు పత్రికలు, టెలివిజను సాగించిన ప్రచారం అన్యాయమని వ్యాఖ్యానించినది. తీర్పు వచ్చినది, కాని బండి త్రిప్పించుకొని ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళిన వర్తకునికి ఆ ఏప్రిలు మాసపు ఆదాయం తిరిగి రాలేదు. ఆగస్టు తీర్పును, ఏప్రిలు అబద్ధాన్ని పంపినంత ఆసక్తితో ఎవరూ పంపలేదు.

2021 జూలైలోను, 2022 జనవరి 1నను ముస్లిం స్త్రీల ఫోటోలను దొంగిలించి, వారిని వేలం వేస్తున్నట్లు చూపే యాప్‌లు వెలసినవి. ఆ స్త్రీలలో పాత్రికేయులు ఉన్నారు. నోరు విప్పి వ్రాసినందుకే వారికి ఆ శిక్ష. రెండవ యాప్ కేసులో పట్టుబడిన నిందితులు ఇరువది ఏండ్లకు అటుఇటుగా ఉన్న విద్యార్థులని విన్నప్పుడు మాకు కోపం కంటె దిగులు ఎక్కువైనది. వారు నిరక్షరాస్యులు కారు. ఇంజనీరింగు చదివేవారు కూడ వారిలో ఉన్నారు. విద్య వారికి యంత్రాన్ని నడపడం నేర్పినది; ఎదుటి మనిషికి కూడ మానం ఉంటుందని నేర్పలేదు. మన కళాశాలలోని విద్యార్థినులు పత్రికా రచనకు వెనుకాడితే, తండ్రులు అభ్యంతరం చెప్పితే, ఆ భయం ఎక్కడి నుండి వచ్చినదో అర్థం చేసికొనడం కష్టం కాదు. ఆ భయానికి లొంగి ఒక్క కలమైనా ఆగిపోతే, ఆ యాప్‌లు తయారుచేసినవారు గెలిచినట్లే.

ఐతే గురి అయినవారము కనుక మనము నిర్దోషులము అని చెప్పుకొనడం న్యాయం కాదు. మన కుటుంబాల గ్రూపులలోనూ పొద్దు పొడవగానే ఏవో సందేశాలు వాలుతుంటవి. టీకా వేయించుకొంటే సంతానం కలగదని ఒకటి. ఫలానా బిస్కెట్టులో నిషిద్ధ పదార్థం ఉన్నదని ఒకటి. ఎక్కడో సిరియాలో తీసిన శవాల ఫోటోకు మన పొరుగు రాష్ట్రం పేరు తగిలించి మరొకటి. మన వర్గానికి జరిగిన అన్యాయం గురించిన అబద్ధం కూడా అబద్ధమే. పైగా అది జరిగిన అన్యాయాన్ని కూడా అనుమానాస్పదం చేస్తుంది. పది నిజాల మధ్య ఒక కల్పిత చిత్రాన్ని కలిపితే, ఎదుటివాడు ఆ ఒక్కదానిని పట్టుకొని పదింటినీ త్రోసిపుచ్చుతాడు. బాధితునికి సత్యం తప్ప వేరే ఆయుధం లేదు. ఆ ఆయుధాన్ని మనమే మొండి చేసుకొనరాదు.

మరి దీనిని ఎవరు సరిచేయాలి? కంపెనీలు సరిచేస్తవని కొందరి నమ్మకం. 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదింటికి మించి పంపరాదని కట్టడి చేసినది; 2019 జనవరిలో ప్రపంచమంతటికి ఆ నియమం విస్తరించినది. ఇది మంచి పనియే. కాని రాళ్ళ దెబ్బలకు మనుష్యులు చచ్చిన పిదప వచ్చిన మంచి పని. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ అంతరంగిక పత్రాలను బట్టి, తప్పుడు సమాచారాన్ని గుర్తించే పనికి కేటాయించిన కాలవ్యయంలో 87 శాతం అమెరికాకు, మిగిలిన 13 శాతం తక్కిన ప్రపంచమంతటికి అని తెలిసినది. ఆ లెక్క అసంపూర్ణమని కంపెనీ సమాధానం చెప్పినది. కాని మన భాషలు వారి దృష్టిలో ఎంత దూరాన ఉన్నవో తెలియడానికి లెక్కలు చూడనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులు తెలుగులోని ఒక సంయుక్తాక్షరం కంటబడగానే స్తంభించిపోయినవి. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరాన్ని ప్రపంచంలోకెల్ల ఖరీదైన ఫోను చదువలేకపోయినది! కొద్ది దినాలలో ఆ లోపాన్ని సవరించారు. అక్షరాన్నే ముందుగా పరీక్షించి చూడనివారు, ఆ అక్షరాలతో వ్రాసిన విషాన్ని గుర్తిస్తారని ఎట్లు నమ్ముదుము?

ప్రభుత్వం సరిచేస్తుందని మరికొందరి నమ్మకం. ఈ మార్గంలో గల ప్రమాదం తక్కువైనది కాదు. ప్రభుత్వాన్ని గురించిన ఏ వార్త అసత్యమో ప్రభుత్వ విభాగమే నిర్ణయించే నియమాన్ని 2023లో కేంద్రం తీసుకొని రాగా, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. వాది, న్యాయమూర్తి ఒక్కరే కారాదన్నది సామాన్య న్యాయం. ఇక అంతర్జాలాన్నే కట్టివేయడం మరొక పద్ధతి. 2019 ఆగస్టులో కాశ్మీరులో ఇంటర్నెట్టును నిలిపివేసినప్పుడు శ్రీనగరంలోని పాత్రికేయులు ప్రభుత్వం ఏర్పాటు చేసిన కొద్దిపాటి కంప్యూటర్ల ముందు వరుసలో నిలబడి వార్తలు పంపవలసి వచ్చినది. అక్కడ 4జి సేవలు తిరిగి వచ్చినది 2021 ఫిబ్రవరిలో. ఎలుకలు ఉన్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనడం ఎంత తెలివో, వదంతులు ఉన్నవని ఒక ప్రాంతపు నోటిని నొక్కివేయడం అంతే తెలివి. వార్త లేని చోట వదంతి చావదు. అక్కడ వదంతి ఒక్కటే బ్రతుకుతుంది.

కంపెనీ కాదు, ప్రభుత్వం కాదు. ఇక మిగిలినది పాత్రికేయుడు, పాఠకుడు. ‘ఇంత పెద్ద ప్రవాహానికి ఒక్కొక్క మనిషి అడ్డు పడగలడా?’ అని ప్రశ్నింపవచ్చును. కాని ప్రవాహమనేది ఆకాశం నుండి ఊడిపడినది కాదు; ఒక్కొక్క వ్రేలి నొక్కుతో కూడినదే. కూడినది ఎట్లో, తగ్గేదీ అట్లే.

ఈ సందర్భంలో మన రెండు సంప్రదాయాలలోను ఉన్న ఒక సంపదను గుర్తుచేయడం మా కర్తవ్యం అనుకొంటాము. ఇస్లామీ విద్యలో ‘ఇస్నాద్’ అనే పద్ధతి కలదు. ప్రవక్తకు సంబంధించిన ఏ వాక్యాన్నైనా స్వీకరించే ముందు దానిని ఎవరు ఎవరితో చెప్పారో ఆ పరంపర అంతటినీ పరిశీలించేవారు. ఆ పరంపరలోని వ్యక్తి సత్యవంతుడా, జ్ఞాపకశక్తి గలవాడా, తాను ఎవరి నుండి విన్నానని చెప్పుచున్నాడో వారిని నిజంగా కలిసికొన్నాడా అని విచారించేవారు. దీనికై వ్యక్తుల జీవిత విశేషాలను తెలిపే ప్రత్యేక శాస్త్రమే వెలసినది. గొలుసులో ఒక్క లంకె తెగినా ఆ వాక్యం బలహీనమైనదని ముద్ర వేసేవారు. ఇటు భారతీయ న్యాయశాస్త్రం జ్ఞాన సాధనాలను నాలుగుగా చెప్పుతూ, ఇతరుల మాటను ప్రమాణంగా తీసికొనవలెనన్న ఆ మాట ‘ఆప్తుని’దై ఉండవలెనన్నది. ఆప్తుడనగా విషయాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగినవాడు, ఉన్నది ఉన్నట్లు చెప్పగోరేవాడు. ఒకటి అరబ్బీలో పుట్టినది, మరొకటి సంస్కృతంలో పుట్టినది. రెండూ అడిగేది ఒకే ప్రశ్న: చెప్పినవాడెవడు? అతనికెట్లు తెలిసినది? మసీదు మెట్లమీదనో, గుడి అరుగుమీదనో ఈ ప్రశ్న విని పెరిగిన జాతి, ‘వచ్చినది వచ్చినట్లు పంపుచున్నాను’ అనే ఒక్క వాక్యంతో చేతులు కడుగుకొనడం సిగ్గుచేటు. వచ్చినది వచ్చినట్లు పంపేవాడు కేవలం తపాలా బంట్రోతు కాడు. తపాలా బంట్రోతు మూసిన కవరును మోస్తాడు. ఇతడు తెరచి చదివి, తన పేరు మీద పంచుతున్నాడు. కనుక ఇతడు సంపాదకుడే. సంపాదకునికి ఉండే బాధ్యత ఇతనికీ ఉన్నది.

మన కళాశాల వంటి చోట చదివేవారికి ఇంకొక ప్రత్యేక బాధ్యత ఉన్నదని మా దృఢ విశ్వాసం. వదంతి ఎక్కడ దాగుతుంది? రెండు భాషల మధ్యనున్న గోడ చాటున దాగుతుంది. పాతబస్తీలో ఏదో జరిగినదని తెలుగులో వచ్చిన సందేశాన్ని తెలుగు మాత్రమే తెలిసినవాడు పరీక్షించలేడు. అక్కడివారిని అడగడానికి అతనికి భాష లేదు, పరిచయం లేదు. పల్లెలో ఏదో జరిగినదని ఉర్దూలో వచ్చిన సందేశం గతీ అంతే. ఒక గల్లీలో పుట్టిన మాట పక్క గల్లీకి అనువాదమై పోయేసరికి అర్థం మారి, కోపం కలిసి, కత్తి అవుతుంది. ఈ గోడకు ఇరువైపుల చూడగలవారు రెండు భాషలూ ఎరిగిన విద్యార్థులే.

ఇది కొత్త ఆదర్శం కాదు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగుతో పాటు ఉర్దూ, పారసీ ఎరిగిన పండితులు. 1940 దశకంలో హైదరాబాదు నుండి ‘మీజాన్’ పేరుతో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలోను దినపత్రికలు వెలువడినవి. తెలుగు మీజానుకు అడవి బాపిరాజుగారు సంపాదకత్వం వహించారు. మీజాన్ అనగా త్రాసు. వార్తాపత్రికకు ఇంతకంటె తగిన పేరు ఉంటుందా? 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా నిర్భయంగా వ్రాసినందుకు హైదరాబాదు వీధిలో హత్యకు గురి అయినాడు. తన వారనుకొన్నవారికి కోపం తెప్పించే సత్యాన్ని తన భాషలోనే వ్రాయడం పాత్రికేయ ధర్మానికి పరాకాష్ఠ. తన గుంపు మెచ్చే మాటను మాత్రమే వ్రాసి వేయి ‘లైకులు’ ఆర్జించే మా తరం పాత్రికేయులు ఆ పేరును తరచుగా స్మరించుకొనడం మంచిది.

ఆచరణ విషయానికి వస్తే, మేము కోరేది ఆకాశ కుసుమం కాదు. ఏ సందేశమైనా పంపే ముందు మూడు సంగతులు చూడవలెను: చెప్పినది ఎవరు, జరిగినది ఎక్కడ, జరిగినది ఎప్పుడు. ఈ మూటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ సందేశం మన చేతిలో ఆగిపోవలెను. పాత ఫోటోను కొత్తదిగా చూపుతున్నారేమోనని వెదకి చూచే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నవి. వానిని వాడడం ఒక గంటలో నేర్చుకొనవచ్చును. 2017లో ఆరంభమైన ఆల్ట్ న్యూస్, హైదరాబాదు కేంద్రంగా తెలుగులోను పనిచేస్తున్న ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఈ పరిశీలనను ఒక వృత్తిగా చేస్తున్నవి. కళాశాలలో ఇద్దరు ఉర్దూ విద్యార్థులు, ఇద్దరు తెలుగు విద్యార్థులు కలిసి వారానికొక పర్యాయం తమ పేటలో తిరిగిన వదంతులను విచారించి, రెండు భాషలలో గోడపత్రికగా పెట్టవచ్చును. ఆ గోడపత్రిక క్రింద వ్రాసినవారి పేర్లు ఉండవలెను. పేరు పెట్టి వ్రాసేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. తప్పు దొర్లితే సవరణను కూడ అదే స్థలంలో, అంతే పెద్ద అక్షరాలతో ప్రకటింపవలెను. పెద్ద పెద్ద సంస్థలు ఇంకా నేర్వని ఈ మర్యాదను చిన్న గోడపత్రిక నేర్పగలదు.

అన్నింటిని మించి, మన వీధి వార్తను మనమే వ్రాయవలెను. మన పేటలో మంచినీరు ఎన్ని దినాలకొకసారి వస్తున్నది, ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఎన్ని ఉపాధ్యాయ పదవులు ఖాళీగా ఉన్నవి, ఉపకార వేతనం ఏ మాసంలో రావలసి ఏ మాసంలో వచ్చినది అనే వార్తలకు వేలమంది పాఠకులు ఉండకపోవచ్చును. తెర మీద అంకె కదలకపోవచ్చును. కాని ఆ పదిమంది పాఠకులకు ఆ వార్త అన్నం వంటిది. పైగా, నిత్యం నిజమైన వార్త వచ్చే వీధిలో వదంతికి అంత తేలికగా చోటు దొరకదు. ఆ వీధిలోని మనుష్యుల ముఖాలు తెలిసినవానికి వారిని గురించిన అబద్ధం నమ్మశక్యం కాదు.

యంత్రం వేగాన్ని తగ్గించడం మన చేతిలో లేదు. తగ్గించవలసిన అవసరమూ లేదు. కాని యంత్రానికి వేగం ఎంత సహజమో, మనిషికి విచారణ అంత సహజం. కాతిబు కలం ఇచ్చిన నిలకడ, సీసపు అక్షరం ఇచ్చిన నిలకడ తిరిగి రావు. ఆ నిలకడను ఇకమీదట మన వివేకమే ఇవ్వవలెను. సోదర సోదరీమణులారా, తదుపరి సందేశం ఈ వ్యాసం చదువుట ముగిసే లోపలే మీ చేతికి రావచ్చును. దానిని పంపుటయో, ఆపుటయో నిర్ణయించవలసిన సంపాదకులు మీరే.